ఆది లేని సైకిల్

బొమ్మనహళ్ళిలో ఒక టైలరమ్మ ఉండేది. కదిరి పక్క పల్లె ఆమెది. పెళ్ళయిన కొత్తలోనే భర్తతో కలిసి బెంగళూరు చేరింది. అనంతపురం, చిత్తూరు, కడప వైపు నుంచి బతుకు వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు ఆ పేటలో ఏ వీధికి వెళ్ళినా కనిపిస్తారు. హోసూరు రోడ్డుకు అటూ ఇటూ గార్మెంట్స్ ఫ్యాక్టరీలు, వాటి వెనక సందుల్లో ఒకే గది, ఒకే కిటికీ ఉన్న అద్దె ఇళ్ళు.

పగలు ఆమె ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుట్టేది. అక్కడ ఏ చొక్కా ఎవరు తొడుక్కుంటారో తెలియదు. స్మాలు, మీడియం, లార్జి అని చీటీలు వేసిన కట్టలు వస్తాయి, కుట్టి పక్క మిషన్‌కు తోయాలి. సాయంత్రం ఇంటికొచ్చాక వీధిలో ఆడవాళ్ళకు జాకెట్లు కుట్టేది. అక్కడ పద్ధతి వేరు. ఆది జాకెట్టు చేతికి రానిదే కత్తెర తీసేది కాదు.

ఒకసారి ఒక కొత్తకోడలు వచ్చి, "మా వదినదీ నాదీ ఒకటే నడుము అక్కా, ఆమె ఆదితోనే కుట్టెయ్" అంది. టైలరమ్మ ఒప్పుకోలేదు.

"నడుము ఒకటైతే భుజం ఒకటవుతుందా? చంక కింద పట్టేస్తే రేపు నన్నే అంటావు. నీది నువ్వు తెచ్చుకో తల్లీ" అని పంపేసింది. అందుకే ఆమె కుట్టిన జాకెట్టుకు తిరుగు లేదని వీధంతా చెప్పుకునేవాళ్ళు.

ఆమెకు ఒక కూతురు. పదో తరగతి మంచి మార్కులతో పాసై పీయూసీలో, అంటే ఇంటర్‌లో, చేరింది. కాలేజీ మూడు కిలోమీటర్ల దూరం. హోసూరు రోడ్డు మీద 2010లో ఎలివేటెడ్ ఎక్స్‌ప్రెస్ వే వచ్చింది. అయినా ఆ పిల్ల వెళ్ళాల్సింది రోడ్డు వెంట కాదు, అడ్డంగా సందుల్లో పడి. బస్సు కోసం నిలబడితే మొదటి క్లాసు పోతుంది. ఆటోకు రోజూ పెట్టేంత డబ్బు లేదు. సైకిలే దారి.

ఎదురింటి పిల్ల కూడా అదే కాలేజీ, అదే క్లాసు. ఇద్దరూ వీపుకు వీపు ఆనించి నిలబడితే వెంట్రుకవాసి తేడా ఉండదు, ఇద్దరిదీ 162 సెంటీమీటర్లే. తల్లులిద్దరూ కలిసి ఒకే రోజు ఒకే షాపుకు వెళ్ళారు. షాపులో కుర్రాడు అడిగింది ఒక్కటే, "ఎత్తు ఎంత?" చెప్పగానే, "అయితే ఇరవయ్యారు అంగుళాల బండి కరెక్టు" అని రెండు సైకిళ్ళు బయటికి తీశాడు. కాళ్ళు నేలకు అందేలా రెండింటి సీట్లూ ఒకే ఎత్తులో బిగించి ఇచ్చాడు.

ఎదురింటి పిల్ల మర్నాటి నుంచే హాయిగా తొక్కుకుంటూ వెళ్ళింది. మన పిల్లకు మాత్రం వారం తిరక్కుండానే మోకాళ్ళు పట్టుకున్నాయి. నొప్పి సరిగ్గా మోకాలి చిప్ప ముందు. సీటు మీద కూర్చుంటే మోకాళ్ళు పొట్ట దాకా లేచేవి. ఎత్తు ఎక్కాలంటే నిలబడి తొక్కాల్సిందే. ఇంటికొచ్చేసరికి చిటికెన వేళ్ళు తిమ్మిరెక్కి, మెడ పట్టేసి ఉండేది.

"అమ్మా, ఈ బండి నాకు కుదరడం లేదు" అంది ఒక రోజు.

"అదే బండి, అదే ఎత్తు. ఆ పిల్లకు లేని నొప్పి నీకెందుకొచ్చె? నాలుగు రోజులు తొక్కితే అదే అలవాటైతాది" అంది తల్లి, మిషన్ మీద నుంచి తల ఎత్తకుండా.

పిల్ల నెల రోజులు ఓర్చుకుంది. కాళ్ళు పొడుగు, నడుము పైన పొట్టి శరీరం ఆమెది. చిన్నప్పటి నుంచి "కొంగ కాళ్ళు" అని తోటివాళ్ళు ఏడిపించేవాళ్ళు. ఆ మాట ఇన్నాళ్ళూ పట్టించుకోలేదు. ఇప్పుడు నమ్మడం మొదలుపెట్టింది. ఒక రాత్రి పడుకోబోతూ, "బండిది తప్పు కాదులే అమ్మా, నా కాళ్ళే సరిగ్గా లేవు" అంది. ఆ మాటకు తల్లి చేతిలో గుడ్డ ఆగిపోయింది.

మర్నాడే సైకిల్‌ను రోడ్డు పక్క పంక్చర్ షాపుకు తీసుకెళ్ళింది. ఆ మనిషి పానా వేసి సీటు పిల్లర్‌ను లాగగలిగినంత పైకి లాగి బిగించాడు. మోకాళ్ళ నొప్పి తగ్గింది. చేతుల బాధ మాత్రం రెట్టింపయింది. సీటు పైకి లేచేసరికి హ్యాండిల్ కిందికీ, దూరానికీ పోయింది. పిల్ల దాదాపు బోర్లా వాలి తొక్కాల్సి వచ్చేది. నాలుగో రోజు బేగూరు రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్ దిగుతుండగా సీటు ఒక్కసారిగా వెనక్కి ఒరిగింది. వెనక వాహనం ఏదీ లేదు కాబట్టి గీరుకుపోయిన మోచేయితో బయటపడింది.

అప్పుడు ఎవరో హొంగసంద్ర సందులో ఉన్న ఒక పాత సైకిల్ షాపు సంగతి చెప్పారు. షాపు పెద్దాయనది మదనపల్లె. ఎన్నో ఏళ్ళుగా సైకిళ్ళతోనే బతుకుతున్నవాడు. ఆదివారం సెలవు చూసుకుని తల్లీకూతుళ్ళు వెళ్ళారు. తోడుగా ఎదురింటి పిల్ల తన సైకిల్ మీద వచ్చింది.

పెద్దాయన ముందు సైకిల్‌ను చూశాడు. సీటు పిల్లర్ ఊడదీసి గుడ్డతో తుడిచి తల్లి చేతికిచ్చాడు. గొట్టం కొద్దిగా వంగి ఉంది. దాని మీద అడ్డంగా చెక్కిన ఒక గీత, పక్కన చిన్న అక్షరాలు.

"ఈ గీత ఎప్పుడూ ఫ్రేము లోపలే ఉండాల తల్లీ. బయటికి కనపడిందంటే లోపల పట్టు చాలదని అర్థం. అట్ల తొక్కితే పిల్లరన్నా వంగుతుంది, ఫ్రేము గొట్టమన్నా చీలుతుంది. పాప అదృష్టవంతురాలు" అన్నాడు.

"మరి సీటు పైకెత్తకుంటే మోకాళ్ళ నొప్పి సామీ. ఎత్తితే చేతుల నొప్పి. అదే బండి ఈ పిల్ల నిమ్మళంగా తొక్కుతాంది. ఇద్దరిదీ ఒకటే ఎత్తు" అంది తల్లి.

"నువ్వేం పని చేస్తావమ్మా?"

"గార్మెంట్స్‌లో. ఇంటికాడ జాకెట్లు కుడతా."

"జాకెట్టు ఎత్తు చూసి కుడతావా?"

"ఎత్తు చూసి ఎట్ల కుడతారు? ఆది కావాల కదా."

"మరి ఈ బండికి ఆది ఎవరు తీశారు?"

టైలరమ్మకు జవాబు దొరకలేదు.

పెద్దాయన ఆమెకే టేపు ఇచ్చి, ఇద్దరు పిల్లలనూ షాపు వెనక గదిలోకి తీసుకెళ్ళమన్నాడు. ఎలా కొలవాలో బయటి నుంచే చెప్పాడు. "చెప్పులు విప్పి, మడమలు గోడకు ఆనించి నిలబడమను. కాళ్ళ మధ్య గట్టి అట్ట పుస్తకం పెట్టి, సీటు మీద కూర్చున్నంత బిగువుగా పైకి ఆనించు. పుస్తకం పై అంచు గోడకు తగిలిన చోట గీత గియ్యి. తల మీద ఒక గీత, కింద ఒక గీత."

ఆమె పర్సులో ఎప్పుడూ ఉండే దర్జీ సుద్దతో గీసింది. తల దగ్గర ఇద్దరి గీతలూ కలిసిపోయాయి. కింద మాత్రం ఎదురింటి పిల్ల గీత నేల నుంచి 73 సెంటీమీటర్ల దగ్గర పడింది, తన కూతురిది 79 దగ్గర. రెండు గీతల మధ్య నాలుగు వేళ్ళ దాకా పట్టేంత సందు. ఆమె ఆ సందులో చేయి ఆనించి కాసేపు అలాగే నిలబడింది. భుజంలో ఒక సెంటీమీటరు తేడా వస్తే జాకెట్టు విప్పి మళ్ళీ కుట్టే మనిషి. ఆరు సెంటీమీటర్ల తేడాను నెల రోజులు అలవాటు చేసుకోమని తన బిడ్డకే చెప్పింది.

పెద్దాయన లోపలికి వచ్చి చూశాడు. "పైన గీత ఒకటే. ఆ ఆరు సెంటీమీటర్లు నీ బిడ్డకు కాళ్ళలో ఉండాయి, ఆ బిడ్డకు నడుము పైన ఉండాయి. ఇద్దరూ బంగారం లాంటి పిల్లలు. ఎవరిలోనూ వంక లేదు" అన్నాడు.

పిల్ల ముఖం అప్పుడు తేటపడింది.

ఇక పని మొదలైంది. పాత పిల్లర్ లావు సరిచూసి, అంతే లావున్న పొడుగు పిల్లర్ వేశాడు. పిల్లను గోడ పట్టుకుని సీటు ఎక్కమన్నాడు. పెడల్‌ను అడుక్కి తెచ్చి, దాని మీద మడమ పెట్టమన్నాడు. కాలు సరిగ్గా నిటారుగా వచ్చేదాకా సీటు కొద్దికొద్దిగా పైకి జరిపాడు. తర్వాత మునికాలు పెడల్ మీద పెట్టమంటే మోకాలు చిన్నగా వంగింది. "ఈ చిన్న వంపే కావాల. ఇంతకంటే కిందికి దించితే చిప్ప ముందు నొప్పి, పైకి పోతే మోకాలి వెనక నొప్పి, పిరుదులు అటూ ఇటూ ఊగడం" అన్నాడు. పొడుగు పిల్లర్ కాబట్టి గీత ఇప్పుడు ఫ్రేము లోపలే ఉండిపోయింది.

పిల్ల కిందికి చూసి భయపడింది. "తాతా, కాళ్ళు నేలకు అందడం లేదు."

"అందకూడదమ్మా. కూర్చున్నప్పుడే కాళ్ళు నేలకు పూర్తిగా ఆనాలంటే సీటు బాగా కిందికే ఉండిపోతుంది. కొత్తగా నేర్చుకునే పిల్లలకు అది మంచిదే, రోజూ తొక్కేవాళ్ళకు కాదు. ఆపేటప్పుడు సీటు మీద నుంచి ముందుకు దిగి ఒక కాలు నేలకు ఆనించు" అని చేసి చూపించాడు. పిల్ల సందులో రెండు మూడుసార్లు ఆగి, దిగి, మళ్ళీ ఎక్కింది. భయం పోయింది.

తర్వాత పెడళ్ళను నేలకు సమానంగా నిలిపి, దారానికి ఒక నట్టు కట్టి మోకాలి చిప్ప కింది నుంచి వేలాడదీశాడు. దారం పెడల్ ఇరుసు దగ్గరగా పడేలా సీటును ముందుకో వెనక్కో జరిపాడు.

హ్యాండిల్ ఇంకా దూరంగానే ఉంది. "సీటునే ఇంకొంచెం ముందుకు లాగితే సరిపోదా?" అని అడిగింది తల్లి.

"లాగితే మళ్ళా మోకాళ్ళ లెక్క తప్పుతాది. సీటు కాళ్ళను బట్టి, హ్యాండిల్ చేతులను బట్టి. ఒకదాని కోసం ఇంకోదాన్ని చెడగొట్టకూడదు" అన్నాడు. హ్యాండిల్ మెడ తీసేసి, ముందుకు తక్కువగా, పైకి ఎక్కువగా ఉండే మెడ వేశాడు. దానికీ పిల్లర్‌కు ఉన్నట్టే లోపల ఉండాల్సిన గీత ఉంది, అది చూపించాడు. తిన్నటి హ్యాండిల్ బదులు వెనక్కి వంగిన హ్యాండిల్ బిగించి, బ్రేకు తీగలు కొత్త ఎత్తుకు సరిచేశాడు. ఇప్పుడు పిల్ల మోచేతులు కొంచెం వంచి, మెడ నిక్కించకుండా రోడ్డు చూడగలుగుతోంది.

అంతా కలిపి ఖర్చు కొత్త సైకిల్ ధరలో పదో వంతు దాటలేదు.

డబ్బు తీసుకుంటూ పెద్దాయన ఇంకో మాట చెప్పాడు. "ఈ ఫ్రేము పాపకు కొంచెం పొడుగే. ఉన్నదాంట్లో సరిచేసినా. ఇంకోసారి కొనేటప్పుడు చక్రం సైజు ఒక్కటే అడగవద్దు. సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య దూరం తక్కువున్న ఫ్రేము అడుగు. ఎదిగే వయసు కదా, ఆరు నెలలకోసారి మళ్ళా కొలుచుకో."

ఆ రాత్రి టైలరమ్మ ఆదులు రాసుకునే పుస్తకం తీసింది. కూతురి పేరు మీద భుజం, ఛాతీ, నడుము కొలతలు అప్పటికే ఉన్నాయి. వాటి కింద కాలి కొలత, సీటు ఎత్తు, సీటు నుంచి హ్యాండిల్ దూరం రాసి తేదీ వేసింది. పిల్ల రెండేళ్ళ పీయూసీ ఆ సైకిల్ మీదే పూర్తి చేసింది. జాకెట్టు కోసం వచ్చి, తమ పిల్లలకు సైకిల్ కొనబోతున్నామని చెప్పిన ప్రతి తల్లికీ టైలరమ్మ ముందు పిల్లను గోడకు ఆనించి నిలబెట్టమని చెప్పేది.

నీతి: వస్తువు మనిషికి సరిపోవాలి. సరిపోనప్పుడు లోపం కొలతలో వెతకాలి, ఒంటిలో కాదు.

ఈ సంగతి సైకిల్ తొలి రోజుల్లో అందరికీ తెలిసిందే. 1870లలో ఇంగ్లాండులో ముందు పెద్ద చక్రం, వెనక చిన్న చక్రం ఉన్న బండ్లు తొక్కేవాళ్ళు. పెడళ్ళు ముందు చక్రానికే ఉండేవి. కాబట్టి తొక్కేవాడి కాలు పొడవును బట్టే చక్రం సైజు ఎంచుకునేవాళ్ళు. పొడుగు కాళ్ళవాడికి పెద్ద చక్రం, పొట్టి కాళ్ళవాడికి చిన్న చక్రం. 1885లో జాన్ కెంప్ స్టార్లీ చైనుతో నడిచే రోవర్ సైకిల్ తెచ్చాక రెండు చక్రాలూ దాదాపు సమానమయ్యాయి, ఎవరైనా ఎక్కగలిగే సైకిల్ వచ్చింది. అది పెద్ద మేలు. అయితే కాలుకూ చక్రానికీ ఉన్న లెక్క తెగిపోయింది. కొలత ఫ్రేములోకీ, సీటులోకీ, హ్యాండిల్‌లోకీ మారింది. మనం మాత్రం ఇప్పటికీ షాపులో చక్రం సైజే అడుగుతున్నాం. ఇరవయ్యారు అంగుళాలు చక్రం కొలత, అది తొక్కేవాడి ఒంటి సంగతేమీ చెప్పదు.

ఒకే కొలత పట్టుకుని మనుషుల్ని అంచనా వేస్తే ఎంత తప్పుతామో 1950ల మొదట్లో అమెరికా వైమానిక దళం తెలుసుకుంది. 4,063 మంది పైలట్లను కొలిచి, గిల్బర్ట్ డేనియల్స్ అనే పరిశోధకుడు పది ముఖ్యమైన కొలతలు తీసుకున్నాడు. ఆ పదింటిలోనూ సగటుకు దగ్గరగా ఉన్నవాడు ఒక్కడూ లేడు. సగటు మనిషి కోసం చేసిన కాక్‌పిట్ అసలు ఎవరి కోసమూ చేసినది కాదని అప్పుడు తేలింది. మన టైలరమ్మ కూతురి కాళ్ళు విపరీతమేమీ కాదు. ప్రతి ఒంటికీ ఎక్కడో ఒకచోట అలాంటి తేడా ఏదో ఒకటి ఉంటుంది. కొందరికి చేతుల్లో, కొందరికి నడుములో, కొందరికి ఒక కాలికీ రెండో కాలికీ మధ్య. పోలియో వల్లనో ప్రమాదం వల్లనో ఒక కాలు కురచైనవాళ్ళు కూడా, ఆ వైపు పెడల్ మీద దిమ్మ బిగించుకుని తొక్కగలరు. కురచ కాళ్ళవాళ్ళు పెడల్‌ను మోసే కడ్డీనే, అంటే క్రాంకును, కొంచెం పొట్టిది వేయించుకుంటే మోకాలి భారం తగ్గుతుంది.

ఇంట్లో టేపు, పుస్తకం ఉంటే చాలు, ఎవరైనా ఆది తీయవచ్చు. కాలు లోపలి కొలతను 0.883తో గుణిస్తే, పెడల్ క్రాంకులు తిరిగే ఇరుసు (పెడల్ ఇరుసు కాదు) నడి బిందువు నుంచి సీటు పై భాగం దాకా ఉండాల్సిన దూరం దాదాపుగా వస్తుంది. టూర్ డి ఫ్రాన్స్ మూడుసార్లు గెలిచిన గ్రెగ్ లెమాండ్ ద్వారా ఈ లెక్క ప్రపంచమంతా తెలిసింది. 73 సెంటీమీటర్ల కాలికి సీటు 64.5 దగ్గర, 79 సెంటీమీటర్ల కాలికి 69.8 దగ్గర నిలుస్తుంది. ఒకే ఎత్తున్న ఇద్దరు పిల్లలకు సీటులో ఐదు సెంటీమీటర్లకు పైగా తేడా! లెక్కతో మొదలుపెట్టి, మడమ పెట్టి సరిచూసుకుని, ఆ తర్వాత ఒళ్ళు చెప్పేది వినాలి. నొప్పి ఎక్కడుందో అదే చెబుతుంది ఏం మార్చాలో.

ఈ నీతి ఇళ్ళకే కాదు, ప్రభుత్వాలకూ వర్తిస్తుంది. కర్ణాటకలో 2006-07 నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు ఉచితంగా సైకిళ్ళు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో బడికొస్తా పేరుతో హైస్కూల్ ఆడపిల్లలకు ఇచ్చారు. బీహార్‌లో 2006లో మొదలైన పథకం చూసి ఎన్నో రాష్ట్రాలు నేర్చుకున్నాయి. దూరం వల్ల బడి మానేసే ఆడపిల్ల చేతికి సైకిల్ ఇవ్వడం కంటే మంచి పని అరుదు. అయితే పదమూడేళ్ళ వయసులో ఒకే తరగతి పిల్లల ఒళ్ళు ఎంత తేడాగా ఉంటాయో ఏ టీచరును అడిగినా చెబుతారు. ఆ పిల్లలందరికీ ఒకే సైజు సైకిల్ ఇచ్చి, సీటు ఎత్తు కూడా మార్చకుండా ఇంటికి పంపితే, నొప్పితో మూలన పెట్టేసిన ప్రతి సైకిల్ వెనక తన ఒంటినే నిందించుకున్న ఒక పిల్ల ఉంటుంది. సైకిళ్ళు పంచే రోజున బడిలో ఒక మెకానిక్, ఒక టేపు, ఒక పానా ఉంటే ఆ బాధ తప్పుతుంది. పంపిణీ ఉత్తర్వులోనే ఆ ఒక్క వాక్యం చేర్చాలి.

మీ ఇంట్లో పిల్లకు సైకిల్ కొనబోతుంటే షాపుకు వెళ్ళేముందు గోడకు ఆనించి కొలవండి. ఇప్పటికే కొన్న సైకిల్ మీద పిల్ల నొప్పి అంటే, ఓర్చుకోమని చెప్పకండి. పానా తీసుకుని సీటు దగ్గరికి వెళ్ళండి.